సుగుణ మొదటి కొలువు

మట్టెవాడలో సుగుణ ఇంటి ముందు టెంటు వేసి ఆదరణ కూడిక పెట్టారు. చర్చి పెద్దలు ఒక్కొక్కరే లేచి పోయిన సుగుణ గురించి మాట్లాడారు. మంచి టీచరమ్మ అన్నారు. పిల్లల చేతిరాత ఆమె దగ్గర కుదిరినంత ఇంకెవరి దగ్గరా కుదరలేదన్నారు. ఆదివారం పాటలో ఆమె గొంతు అందరికంటే ముందు వినపడేదన్నారు. అన్నీ నిజమే. వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టీచరు కాకముందు ఆమె చేసిన కొలువు సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని చివరిదాకా చూశాను. ఎత్తలేదు. భోజనాల దగ్గర ఆమె తమ్ముడిని పక్కకు పిలిచి, "అక్క మా ఊళ్లె కొలువు చేసింది యాదికున్నదా బిడ్డా?" అని అడిగాను. "ఏం కొలువు పెద్దమ్మా? అక్క మొదటి సంది టీచరే గదా" అన్నాడు. అతను అప్పుడు చిన్నవాడు, తప్పు అతనిది కాదు. బస్సులో తిరిగి వస్తుంటే, ఆ సంగతి తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నేనని తట్టింది. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, ఇంటికి కోడలు వచ్చిన తర్వాత. ఇప్పటికీ పొడుగు వాక్యం రాస్తే మధ్యలో దారి తప్పుతాను. అయినా ఇది రాసి పెట్టాలనిపించింది.

మా ఊరు నర్సంపేట నుంచి ములుగు వైపు పోయే దారిలో ఉంది. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆ ఇంటికి ఆధారం మా అత్త బుచ్చమ్మ సాకే బర్రెలు. నా భర్త సాంబయ్య ఊళ్లో ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. ఆ జీతం గింజలు చలికాలం దాటేవి కావు. మిగతా ఏడాదిని పాలే ఈడ్చుకొచ్చేవి. పాలు బస్సు స్టేజీ దగ్గరి హోటల్‌కు పోయేవి, మజ్జిగ మాకు మిగిలేది. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. తడి పేడ, పులిసిన కుడితి, దాలిలో పిడకల మీద ఎర్రగా కాగే పాలు, అన్నిటి మీదా మా అత్త చుట్ట పొగ. ఆమె తెల్లవారకముందే లేచి, చుట్ట వెలిగించుకుని, బర్రెలతో ఒక విడత మాట్లాడిన తర్వాతే మనుషులతో మాట్లాడేది. ముసలి బర్రెను పెద్దక్కా అనేది, దాని బిడ్డను మరదలా అనేది. నన్ను మాత్రం "ఓ పిల్లా" అనేది. నాకు వరస దక్కడానికి ఏడాది పట్టింది.

ఊరికి పడమట బంచరాయి ఉండేది. బంచరాయి అంటే ఊరి గొడ్లు మేయడానికి వదిలిన నేల. ఎవరి పట్టా కాదు, అందరిదీ. ఎండాకాలంలో దాన్ని చూస్తే మీరు కూడా చచ్చిన నేల అనే అంటారు. మొరం రాళ్లు, పరికి కంప, అక్కడక్కడ తంగేడు, ఎండిపోయి బూడిద రంగు తేలిన గడ్డి దుబ్బులు. ఆ నెలల్లో ఒక్క గొడ్డు కూడా దాని మీద కనపడేది కాదు, ఎందుకంటే కోతలైపోయిన పొలాల్లో మేసేవి. తొలకరి పడ్డాక కూడా వెంటనే తోలేవాళ్లు కాదు. గడ్డి మొలిచి పాదం మునిగేదాకా ఆగాలని కట్టుబాటు. అప్పుడు డప్పు కొట్టి చాటేవాళ్లు, "రేపటి సంది బంచెర ఇడుస్తాండ్లహో" అని. ఆ మర్నాడు ఊరి గొడ్లన్నీ పెళ్లికి పోయినట్టు పోయేవి. మా అత్త కూడా ఉతికిన చీర కట్టుకునేది. ఆ రోజు నుంచి పాలు చిక్కబడేవి. ఇంట్లో గింజలు అడుగంటే నెలలూ అవే, ఆ గడ్డే మమ్మల్ని దాటించేది.

సుగుణ వచ్చింది ఎండాకాలంలో. జీపు ఆమెను చావడి దగ్గర దింపి వెళ్లిపోయింది. గొడుగు, భుజానికి సంచి, కాళ్లకు కొత్త చెప్పులు. వరంగల్ నుంచి వచ్చిన ఆడపిల్ల ఒంటరిగా ఆఫీసు పని మీద ఊళ్లో దిగడం మేము అదే మొదటిసారి చూడటం. మొదట పటేలు ఇంటికి వెళ్లింది. అక్కడ అరుగు మీద ఆమెకు వేరే గ్లాసు పెట్టారు. నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, సంచి భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. మా అత్త చుట్ట తీయకుండానే అడిగింది.

"ఏ ఊరు బిడ్డా?"

"వరంగల్ అవ్వా, మట్టెవాడ. చెట్లు పెట్టే స్కీం వస్తున్నది. బయటి దేశం బ్యాంకు పైసలిస్తది. ఏ ఊర్ల ఏ జాగల పెట్టాల్నో నేను చూసి రాసుకపోవాలె."

"బ్యాంకా?" అని మా అత్త చుట్ట నోట్లోంచి తీసింది. "కొమురీ, బర్రెలను లోపట కట్టెయ్యే! బ్యాంకోల్లచ్చిండ్లు!" అని నన్ను కేకేసింది.

సుగుణ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. అప్పుల బ్యాంకు కాదు, దేశాలకు దేశాలకు మధ్య ఉండేదని చెప్పింది. "గంత పెద్ద బ్యాంకుకు మా ఊరి చెట్లతోని ఏం పని?" అని మా అత్త అడిగింది. అడవులు తరిగిపోతున్నాయి, వంటచెరకు దొరకడం లేదు, ఖాళీ నేలల్లో చెట్లు పెంచితే ఊళ్లు బాగుపడతాయి అని ఆఫీసులో తనకు చెప్పిందే మాకూ చెప్పింది. మనసారా నమ్మే చెప్పింది. ఆ రాత్రి నుంచి మా ఇంట్లోనే ఉంది. ఊరివాళ్లు సారు అనబోతే మా అత్త దిద్దింది, "సారంటె మొగోడాయె, సారమ్మ అనుండ్రి" అని. సుగుణ నవ్వి, "మా బైబిల్ల సారా అని ఒక తల్లి ఉన్నది అవ్వా" అంది. "సారానా? గది మా సాంబడు తాగేది" అంది మా అత్త.

కొలువు గురించి ఆమె నాతోనే ఎక్కువ చెప్పింది. నేను దారి చూపడానికి వెంట తిరిగేదాన్ని. "నేను అందరికన్న కింది మెట్టు మీదున్న కొమురక్కా. నా మీద ఫీల్డాఫీసరు, ఆయన మీద హైదరాబాదోళ్లు, వాళ్ల మీద సముద్రం అవతలోళ్లు. ఈ ఏడాది నా పని బాగున్నదంటే పర్మనెంట్ చేస్తరు. ట్రైనింగుకు బయటి దేశం గూడ పంపుతరట." వాళ్ల నాయన మిల్లులో పని చేసి ఊపిరితిత్తులు పాడై ఇంట్లో కూర్చున్నాడు. వాళ్ల వాడలో డిగ్రీ చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ప్రతి చెట్టుకూ ప్రపంచమంతా ఒకే పేరు ఉంటుందని, ఆ పేరు చెబితే ఏ దేశంలోనైనా అర్థమవుతుందని చెప్పింది. వేపకు ఆ పేరేమిటో కూడా చెప్పింది. నాకు నోరు తిరగలేదు.

ఒక పొద్దున చావడి దగ్గర పెద్దమనుషులను కూర్చోబెట్టి, పడమటి నేల వైపు చేయి చూపించి అడిగింది.

"ఆ జాగ బంజరేనా?"

"ఔ, బంచెరే. ఎన్కటి సంది బంచెరే" అన్నాడు ఊరి పెద్ద.

"ఎవరి పట్టా లేదా?"

"పట్టా ఎట్లుంటది బిడ్డా? బంచెరాయె!"

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. మా నోళ్లలో బంచరాయి అరిగి అరిగి బంచెర అవుతుంది. పట్నం చెవికి అది బంజరు. బంజరంటే ఎందుకూ కొరగాని నేల. ఆమె అడిగింది ఒకటి, వీళ్లు చెప్పింది ఒకటి, రెండూ ఒకటేనని అందరూ అనుకుని టీ తాగారు. ఆమె ఆ నేలంతా మండుటెండలో నడిచి చూసింది. కళ్లు చూసిందీ చెవులు విన్నదీ సరిపోయాయి. రాసుకుని వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చింది వానలు పడ్డాక. డప్పు కొట్టి అప్పటికి కొన్నాళ్లయింది. జీపులో ఫీల్డాఫీసరు ఉన్నాడు, వెనక ట్రాక్టరు నిండా గడ్డపారలు, మనుషులు. బంచరాయి చుట్టూ గొడ్లు దాటలేనంత కందకం తవ్వాలి, లోపల నీలగిరి మొక్కలు పెట్టాలి. సుగుణ జీపు దిగి చూసేటప్పటికి ఆ నేల మీద మోకాలి ఎత్తు గడ్డి, ఊరి గొడ్లన్నీ దానిలో. మా అత్త ఒక రాయి మీద కూర్చుని చుట్ట తాగుతోంది.

"అవ్వా, ఇది బంజరన్నరు గదా?"

"బంజరెవలన్నరు? బంచెర అన్నం. గొడ్లు మేసేది బంచెర. బంజర్ల గొడ్లు ఏం మేత్తయి బిడ్డా, రాళ్లా?"

సుగుణ ఆ మాటను నోట్లోనే రెండుసార్లు అనుకోవడం నాకు కనపడింది. బంచెర, బంజర. ఆ తర్వాత ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. పరుగున జీపు దగ్గరికి వెళ్లి ఆఫీసరుతో ఏదో చెప్పింది. ఆయన గడియారం చూసుకుని, ఆఫీసులో మాట్లాడదాం అన్నాడు. ఆ సాయంత్రమే గడ్డపారలు దిగాయి.

మర్నాడు ఆమెతో పాటు నేనూ హనుమకొండ ఆఫీసుకు పోయాను. ఊరి మనిషి ఒకరు పక్కనుంటే నమ్ముతారని ఆమె ఆశ. ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆమెకు కుర్చీ చూపించాడు, నాకు కూడా టీ తెప్పించాడు. అంతా విని తల పట్టుకున్నాడు.

"సుగుణా, నువ్వు బంజరు అని రాశావు. పైవాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు కాదంటే ఆ జాగా స్కీం నుంచి పోతుంది, ఈ ఏడు నా పని ఆగిపోతుంది."

"అది గొడ్లు మేసే జాగ సర్. ఊరంత దాని మీదనే బతుకుతున్నది."

"గొడ్లు మేసే జాగాకు వాళ్ల కాగితంలో గడి లేదమ్మా. అడవి ఉంది, పొలం ఉంది, బంజరు ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

"ఇంకో గడి గీయండి సర్."

ఆయన నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కాదు, అలసిపోయిన నవ్వు. "కొత్తగా కొలువులో చేరినవాళ్లు గడులు గీయరు. ఉన్నవి నింపుతారు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. నువ్వు పర్మనెంట్ అయ్యాక ఇట్లాంటివి చెబితే వింటారు. ముందు అదవ్వు." తిరిగి వస్తూ, బస్సు ములుగు రోడ్డు ఎక్కాక, "నేను నోరు మూసుకుంటె కొలువుంటది, తెరిస్తె పోతది. అయినా అవ్వ బర్రెలు దక్కుతయని నమ్మకం లేదు. మా నాయినకు ఏం చెప్పాలె కొమురక్కా?" అంది. చివరికి ఆమె హైదరాబాదుకు రాసింది. తన పేరు పెట్టే రాసింది, నేను తప్పుగా విన్నాను, దిద్దండి అని.

హైదరాబాదు నుంచి జవాబు రాలేదు కానీ, కొన్నాళ్లకు బయటి దేశం నుంచి ఒక దొర వచ్చాడు. స్కీం ఎట్లా నడుస్తోందో చూడటానికి. బూట్లు విప్పి చాప మీద కూర్చున్నాడు, మా అత్త ఇచ్చిన మజ్జిగ కడదాకా తాగాడు. ఆడవాళ్లతో మాట్లాడాలన్నాడు. మీకు చెట్లు కావాలా అని అడిగాడు, ఫీల్డాఫీసరు తెలుగులో చెప్పాడు. మా అత్త చుట్ట పక్కన పెట్టి కుదురుగా కూర్చుంది.

"చెట్లు ఎవలొద్దంటరు? పెట్టుండ్రి. చెరువు కట్ట మీద పెట్టుండ్రి, బాట పొంటి పెట్టుండ్రి, మా వాకిట్ల గూడ పెట్టుండ్రి. బంచెరను ఇడిసిపెట్టుండ్రి. ఆ గడ్డి లేకపోతె మాకు పాలు లెవ్వు, పాలు లేకపోతె మాకు బువ్వ లేదు. కందకం పూడ్పియ్యుండ్రి దొరా."

ఆఫీసరు దొర వైపు తిరిగి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అన్నాడు. దొర సంతోషంగా తలూపాడు.

"గంత పొడుగు మాట గంతల్నె ఒడిసెనా?" అంది మా అత్త. "దొరల భాష గంత పొట్టిదా?"

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఎందుకు నవ్వుతున్నారని దొర అడిగాడు. అప్పుడు వెనక నిలబడి ఉన్న సుగుణ ముందుకు వచ్చింది. ఆఫీసరు ఆమె వైపు చూసి, వద్దన్నట్టు కనుబొమలు ఎత్తాడు. ఆమె చూసింది, చూసి కూడా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. అందులో నాకు తెలిసిన మాట బంచరాయి ఒక్కటే. అది చాలాసార్లు వచ్చింది, ఈసారి ఎక్కడా అరగకుండా నిండుగా వచ్చింది. దొర నవ్వు తగ్గించి విన్నాడు. లేచి వెళ్లేముందు మా అత్త రెండు చేతులూ పట్టుకున్నాడు. మరునాడు కందకం పని ఆగింది. మా అత్త ఆ రోజు బర్రెలకు కుడితిలో బెల్లం కలిపింది. గెలిచామనుకున్నాం.

ఆగిన పని మళ్లీ మొదలైంది. ఆఫీసరే వచ్చి చెప్పాడు, దొర మీ మాట విన్నాడు, ఆడవాళ్ల బాధ ఆయనకు అర్థమైంది, అందుకని మొక్కల నర్సరీ మీ ఊళ్లోనే పెడతారు, కూలి అంతా ఆడవాళ్లకే అని. సుగుణ చెప్పినదానికి సముద్రం అవతల నుంచి వచ్చిన జవాబు అది. గడ్డి పోయింది, మాకు కూలి వచ్చింది. సుగుణకు ఇక రానవసరం లేదన్నారు.

పోయేరోజు మా వాకిట్లో నిలబడి, "నా చెవుల పొరపాటుతోని పోయింది అవ్వా, నా నోటితోని మళ్ల తేలేకపోయిన" అంది. మా అత్త ఆమె తల నిమిరింది. "నీ చెవులు మంచియే బిడ్డా. మావే పండ్లూడిన నోర్లు. జర తెల్వంగ పలికితె ఇంత దాక రాకపోయేది." బస్సు స్టేజీ దాకా సుగుణ సంచి తానే మోసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

నేను నర్సరీలో చేరాను. నా జన్మలో చేతికి వచ్చిన మొదటి కొలువు అదే, ఆమె మొదటి కొలువు పోయిన చోటే. నల్ల కవర్లలో ఎర్రమట్టి, పెంట ఎరువు కూరి, మొలకలు నాటి, నీళ్లు చల్లేవాళ్లం. నీలగిరి ఆకుకు తలనొప్పి మందు వాసన ఉంటుంది. ఎంత కడిగినా ఆ వాసన చేతులకు పోదు. ఆ చేతులతోనే వండేదాన్ని. మా అత్త తినేటప్పుడు ఒక్కో పూట ముద్ద ముక్కు దగ్గర ఆపేది, తర్వాత తినేది. నేను పెంచిన మొక్కలే బంచరాయిలో నాటారు. బర్రెలు ఎట్లాగో కందకం దాటి పోతే కాపలా మనిషి బందెలదొడ్డిలో పెట్టించేవాడు. దొడ్డి నుంచి విడిపించడానికి నా కూలి పోయేది. చివరికి ఒక్కొక్కటే నర్సంపేట అంగడికి పోయాయి. పెద్దక్కను కొన్నవాడితో మా అత్త ఆడపిల్లను అత్తారింటికి పంపేటట్టు మాట్లాడింది. "దీనికి గొంతు సప్పుడు ఇనకపోతె పాలు చేపదు. పొద్దుగాల జర మాట్లాడాలె. ఏదన్న మాట్లాడు, తిట్టినా సరే." అతను సరే సరే అంటూ బర్రె కొమ్ములు చూస్తున్నాడు. పాల కోసం కొనలేదని మాకు తెలుసు. బర్రెలు లేని ఇంట్లో మా అత్త ఎక్కువ కాలం బతకలేదు. తెల్లవారకముందే లేచేది, చుట్ట వెలిగించుకుని ఖాళీ కొట్టం వైపు చూస్తూ కూర్చునేది. మాట్లాడటానికి ఏమీ లేక, మాతో కూడా మాట్లాడటం మానేసింది. దవాఖానలో ఏదో జబ్బు పేరు చెప్పారు.

సుగుణ మట్టెవాడలోనే బడిలో చేరింది. వరంగల్ పోయినప్పుడల్లా వాళ్లింటికి వెళ్లేదాన్ని. పిల్లల గురించి అడిగేది, బంచరాయి గురించి అడిగేది కాదు. ఒక్కసారి మాత్రం, నోట్సులు దిద్దుతూ తల ఎత్తకుండానే, "ఆ కొలువుల ఉంటె నేను ఎంత దూరం పోయేదాన్నో అక్కా" అంది. నిజం చెప్పినందుకు బాధ పడిందని నేను అనుకోను. నిజం చెప్పినందుకు ఒక్క బర్రె అయినా దక్కి ఉంటే ఆమె అంత బాధ పడేది కాదు.

నీలగిరి ఎదిగింది, కాగితానికి నరికారు, మొదళ్ల నుంచి మళ్లీ ఎదిగింది, మళ్లీ నరికారు. దాని కింద గడ్డి మొలవలేదు. ఇప్పుడు మా ఊళ్లో పాలు ప్యాకెట్లలో వస్తాయి. డప్పు చాటింపు ఎట్లా ఉండేదో నా మనవలకు తెలియదు. మా కష్టాలు అప్పుడు లేవని కాదు. ఆకలి అప్పుడే ఎక్కువ. కానీ ఆ ఆకలికి ఎదురుగా మాది అనుకునే నేల ఒకటి ఉండేది. ఇప్పుడు కడుపు నిండుతుంది, బియ్యం దుకాణం నుంచి వస్తాయి, అయితే ఊరందరిదీ అని చేయెత్తి చూపించడానికి ఒక్క జానెడు లేదు.

కూడిక నుంచి వచ్చిన కొన్నాళ్లకు మా ఊరికి ఒక పిల్ల వచ్చింది. జీన్సు ప్యాంటు, చేతిలో ఫోను. ఏదో బయటి దేశం సంస్థ తరఫున, పాడైన నేలల్లో మళ్లీ గడ్డి పెంచుతారట. ఆ పిల్లకూ ఇదే మొదటి ఉద్యోగమట. గ్రామ పంచాయతీ దగ్గర మగవాళ్లను అడిగింది, నీలగిరికి ముందు ఆ నేల ఏమిటి అని. వాళ్లకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లుంటాయి. "బంజరు మేడం, ఉత్త బంజరు" అన్నారు. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్లు విన్నది అదే. నేను కర్ర ఊతంగా లేచి, బంజరు కాదు బంచరాయి అన్నాను. ఒక్కో అక్షరం విడదీసి పలికాను. ఆ పిల్ల ఫోను మీద వేలితో పైకీ కిందికీ చాలాసేపు వెతికింది. తెలుగులోనే ఉంది కాబట్టి నేనూ వంగి చదివాను. అడవి, వ్యవసాయ భూమి, బంజరు, ఇతరములు.

"ఇందుల గా మాట లేదు అమ్మమ్మా. ఇతరములు అని పెట్టనా?" అంది.

ఎండలో నిలబడి ఉంది పాపం, ఇంకా చాలా ఊళ్లు తిరగాలి.

"పెట్టు బిడ్డా" అన్నాను.